అత్తయ్య మంచం ఎదురుగా చేపల తొట్టి, అందులో రంగు మారిన రాళ్లు

"ఏటే అమ్మాయ్, ఆ రాళ్లు తుప్పట్టిపోతన్నాయేటి?" అని అడిగింది మా అత్తయ్య.

"రాళ్లకి తుప్పేంటి అత్తయ్యా" అంటూ కాఫీ గ్లాసు ఆవిడ చేతికిచ్చి, తొట్టి దగ్గరకి వెళ్లి వంగి చూశాను. ఆవిడ అన్నది నిజమే. పటికబెల్లం ముక్కల్లా తెల్లగా మెరిసిపోయే రాళ్ల మీద పల్చగా గోధుమరంగు పొడి జల్లినట్టుంది. టీ డికాషన్ ఒలికి ఆరిపోయిన గుడ్డ ఎలా ఉంటుందో అలా ఉంది. అద్దం కింది అంచు మీద కూడా అదే రంగు పొర. తొట్టి మా ఇంటికొచ్చి ఆ రోజుకి పదహారు రోజులు.

మాది పర్లాకిమిడి. ఒడిశా గజపతి జిల్లా. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. బోర్డులన్నీ ఒడియాలో ఉన్నా మా వీధిలో సగం ఇళ్లలో తెలుగే. మా అత్తయ్య నవంబరులో బాత్‌రూములో జారిపడింది. తుంటి ఎముక విరిగి శ్రీకాకుళంలో ఆపరేషన్ చేయించాం. మూడు నెలలు మంచం మీదే ఉండాలన్నారు. యాభై ఏళ్లుగా తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చిన మనిషి. అలా గోడకేసి చూస్తూ పడుకుంటే మాకు చూడబుద్ధయ్యేది కాదు. టీవీ ఆవిడకి నచ్చదు. మా అబ్బాయి విశాఖపట్నం బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని చూసొచ్చినప్పటి నుంచీ చేపల తొట్టి కావాలని అడుగుతూనే ఉన్నాడు. నాన్నమ్మకీ కాలక్షేపం అవుతుందని మా ఆయన జనవరిలో కొన్నారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. లెక్క వేస్తే దాదాపు 57 లీటర్లు వస్తుంది. పైన కాస్త ఖాళీ వదిలి, రాళ్లు పట్టే చోటు తీసేస్తే నీళ్లు పట్టేది 42, 43 లీటర్లే. ముందు గదిలో కిటికీ పక్కన, ఆవిడ మంచానికి సరిగ్గా ఎదురుగా పెట్టాం.

షాపతను రాళ్లు పది కేజీలు ఇచ్చాడు. తెల్లటి చిప్స్. "మంచి లుక్ వస్తుంది మేడమ్" అన్నాడు. అప్పుడే నాలుగు గోల్డ్ ఫిష్ కూడా కవర్లో కట్టి ఇచ్చాడు. పొద్దున నీళ్లు పోశాం, సాయంత్రానికి చేపలు వేసేశాం. కొత్త తొట్టిలో అదే రోజు చేపలు వేయకూడదని మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

రాళ్లు రంగు మారగానే నాకొచ్చిన ఆలోచన ఒక్కటే, కడిగేయాలి. ఆదివారం పొద్దున చేపల్ని బకెట్లోకి మార్చి, రాళ్లన్నీ ప్లాస్టిక్ టబ్బులో వేసి ఏడెనిమిది నీళ్లు కడిగాను. వేడినీళ్లు పోశాను. పాత చీర మీద పరిచి డాబా మీద ఎండబెట్టాను. ఫిల్టర్లో స్పాంజిని కుళాయి కింద పెట్టి, పిండి పిండి తెల్లగా వచ్చేదాకా ఉతికాను. అద్దాలు తోమాను. మళ్లీ బోరు నీళ్లు నిండా పోసి చేపల్ని వేసేసరికి సాయంత్రం నాలుగైంది. తళతళా మెరుస్తోంది. అత్తయ్య కూడా "ఇప్పుడు బాగుంది" అంది.

మూడో రోజు తెల్లవారుజామున ఆవిడే కేకేసి నన్ను లేపింది. చేపలు నాలుగూ పైకొచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. మొప్పల దగ్గర ఎర్రగా కమిలినట్టుంది. తెలుపూ ఎరుపూ కలిసిన చేప ఒకటి ఒక పక్కకి ఒరిగిపోతోంది. సగం నీళ్లు తీసి కొత్తవి పోశాను. మధ్యాహ్నానికి అది అడుగున పడిపోయింది. మా అబ్బాయి స్కూల్ నుంచి వచ్చి దాన్ని జామచెట్టు కింద పాతిపెట్టి, ఆ రాత్రి అన్నం తినలేదు. అత్తయ్య కూడా సరిగ్గా తినలేదు. పగలంతా దాన్నే చూస్తూ గడిపిన మనిషి కదా.

ఆరో రోజుకి రాళ్ల మీద గోధుమరంగు మళ్లీ వచ్చింది. ఈసారి ఇంకా మందంగా.

ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో మాట. మా ఆయన బోరు నీళ్లలో ఇనుము అన్నారు. మా ఇంట్లో బోరు నీళ్లు పట్టిన బకెట్ అడుగున ఎర్రటి చార పడుతుంది కాబట్టి అందరికీ అదే నిజమనిపించింది. పక్కింటి అపా (ఒడియాలో అక్కని అలా పిలుస్తారు) వచ్చి చూసి "శిఉళి" అంది. ఒడియాలో పాచిని అలా అంటారు. పాచి పచ్చగా కదా ఉంటుంది, ఇది పాచి ఎలా అవుతుందని నేను ఒప్పుకోలేదు. షాపతనికి ఫోన్ చేస్తే మేత ఎక్కువైందన్నాడు. ఎవరి మాట పట్టుకోవాలో తెలీక టెన్షన్ పడుతుంటే మా తమ్ముడు వచ్చాడు. ఊళ్లోనే ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్ వాడు. తొట్టి చూసి, ఒక రాయి పైకి తీసి, బొటనవేలితో రుద్దాడు. గోధుమరంగు మొత్తం వేలికి అంటుకొచ్చేసింది, కింద రాయి తెల్లగానే ఉంది.

"అక్కా, ఇనుము చార అయితే ఇలా ఊడిరాదు. రాయిని పట్టేసుకుంటుంది. ఇది జిగురుగా ఉంది చూడు" అని నా వేలికి రాశాడు. నిజంగానే గంజి ఆరుతున్నప్పుడు ఎలా ఉంటుందో అలా కాస్త జారుగా ఉంది. ఇసుకలా గరగర లేదు. రెండు రాళ్లని కొత్త శాంపిల్ డబ్బాలో తొట్టి నీళ్లతో సహా వేసి, "సాయంత్రం ల్యాబ్ ఖాళీ అయ్యాక రా, చూద్దాం" అన్నాడు.

ఆ సాయంత్రం గురించి కాస్త వివరంగా చెప్పాలి. నేను పదో తరగతి తర్వాత మైక్రోస్కోపులో చూడలేదు. తమ్ముడు రాయి మీద పొరని గీకి, ఒక చుక్క గాజుపలక మీద వేసి, పైన పల్చటి గాజుబిళ్ల మూశాడు. ముందు చిన్న లెన్సుతో చూపించాడు. బంగారు రంగు నలకలు. తర్వాత 40 లెన్సు తిప్పాడు. కంటి దగ్గర ఉన్న పది కలిపి 400 రెట్లు అన్నాడు. చూస్తే అన్నీ పడవలు! రెండు కొసలా సన్నగా, మధ్యలో కాస్త ఉబ్బుగా, అచ్చం పడవల్లాగే. ఒక్కోదాని లోపల తేనెరంగు ముద్దలు. వాటి ఒంటి మీద దువ్వెన పళ్లలా సన్నటి గీతలు. ఇంకా ఆశ్చర్యం, కొన్ని కదులుతున్నాయి. కాళ్లు లేవు, తోకలు లేవు, రైలు పట్టాల మీద జరిగినట్టు తిన్నగా ముందుకి జరిగి, ఆగి, అదే దారిలో వెనక్కి వెళ్తున్నాయి.

"డయాటమ్స్" అన్నాడు తమ్ముడు. ఒక్కోటీ ఒకే ఒక కణం. చుట్టూ సిలికాతో కట్టుకున్న పెంకు, అంటే గాజు చేసే పదార్థమే. డబ్బాకి మూత పెట్టినట్టు రెండు ముక్కలుగా ఉంటుందట. వీటిలో పడవ ఆకారం ఉన్న ఒక రకం పేరే నావిక్యులా. లాటిన్‌లో చిన్న ఓడ అని అర్థం. లోపల ఆకుల్లో ఉండే పచ్చ పదార్థమే ఉంటుంది కానీ దాన్ని ఫ్యూకోజాంథిన్ అనే గోధుమ వర్ణం కప్పేస్తుంది. అందుకే పచ్చగా కాకుండా గోధుమ రంగులో కనిపిస్తాయి. పక్కింటి అపా అన్నది నిజమే. అది పాచి జాతే. మర్నాడు ఆవిడ దగ్గరకి వెళ్లి, మీరు చెప్పిందే సరైందని చెప్పాను.

కొత్త తొట్టిలోనే ఎందుకొస్తుందో తమ్ముడు చెప్పిందీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను. డయాటమ్‌కి పెంకు కట్టుకోవడానికి సిలికా కావాలి. మనవైపు బోరు నీళ్లు రాతి పొరల్లోంచి వస్తాయి కాబట్టి వాటిలో కొంత సిలికా కరిగి ఉంటుంది. కొత్త రాళ్లు ఖాళీగా ఉంటాయి. వాటి మీద ఇంకా ఏ జీవీ స్థిరపడలేదు. ముందొచ్చిన వాడిదే స్థలం అన్నట్టు డయాటమ్స్ చకచకా పరుచుకుంటాయి. మామూలుగా తొట్టి పెట్టిన రెండు మూడు వారాలకి కనిపిస్తాయి. ఉన్న సిలికా అయిపోతూ, మిగతా జీవులు కుదురుకునే కొద్దీ కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. చేపలకి వాటివల్ల హాని లేదు.

మరి చేప ఎందుకు చచ్చిపోయింది? ఈ ప్రశ్న నన్ను బాగా తినేసింది. జవాబు తెలిశాక ఇంకా బాధపడ్డాను. చేప విసర్జించేదీ, మిగిలిన మేత కుళ్లేదీ అమోనియాగా మారుతుంది. అది చేపల మొప్పల్ని కాల్చేస్తుంది. రాళ్ల మీదా, ఫిల్టరు స్పాంజిలోనూ కంటికి కనపడని బ్యాక్టీరియా పెరిగి, ఒక రకం అమోనియాని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే, నైట్రేట్ చాలా వరకు పర్వాలేదు. ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మా తొట్టిలో రెండు వారాలుగా అవి మెల్లగా పుట్టుకొస్తున్నాయి. నేను వేడినీళ్లు పోసి, ఎండబెట్టి, స్పాంజి ఉతికి ఉన్న కాసిన్నిటినీ చంపేశాను. ఆ గోధుమరంగు పొర చేపకి ఏమీ చేయలేదు. ఆ పొరని పోగొట్టాలని నేను చేసిన పనే చేప ప్రాణం తీసింది.

ఆ రాత్రి నుంచి తొట్టిని ఖాళీ చేయడం మానేశాను. టెస్ట్ కిట్ తెప్పించాం. గాజు గొట్టంలో నీళ్లు పట్టి చుక్కలు వేస్తే, పసుపుగా ఉంటే అమోనియా లేనట్టు, పచ్చబడే కొద్దీ ఎక్కువున్నట్టు. మొదటి రోజు లేత పచ్చగా వచ్చింది. మా అబ్బాయికి ఇదే పెద్ద పని అయిపోయింది. రోజూ స్కూల్ నుంచి రాగానే చుక్కలు వేసి, గొట్టం నాన్నమ్మకి చూపించేవాడు. "పసుపా పచ్చా చెప్పు నాన్నమ్మా" అంటే ఆవిడ కళ్లజోడు పెట్టుకుని వెలుతురుకి పట్టి చూసేది.

ఇద్దరు మనుషులు ఉండాల్సిన గదిలో పదిమందిని కూర్చోబెట్టినట్టు, ఆ కాసిని నీళ్లలో నాలుగు గోల్డ్ ఫిష్ ఎక్కువే. మిగిలిన మూడింటిలో రెండింటిని పాతపట్నంలో మా పిన్నత్త వాళ్ల పెరట్లో కలువల సిమెంటు తొట్టికి పంపించాం. ఎర్రదాన్ని మాత్రం అత్తయ్య ఉంచమంది. మేత రోజుకి రెండు చిటికెల నుంచి ఒక చిటికెకి తగ్గించాం, అది కూడా రెండు నిమిషాల్లో తినేసేంత. వారానికి రెండుసార్లు ఒక బకెట్ నీళ్లు, సుమారు పదకొండు లీటర్లు, అంటే పావు వంతు తీసి కొత్తవి పోశాను. స్పాంజిని తీసిన తొట్టి నీళ్లలోనే ఒకసారి అద్ది పిండడం, అంతే.

నీళ్ల సంగతి తేల్చుకోవడానికి మా ఆయన తేలికైన పరీక్ష చేశారు. రెండు తెల్లటి గాజు సీసాలు. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో మున్సిపాలిటీ కుళాయి నీళ్లు. మూత లేకుండా రెండు రోజులు కదపకుండా ఉంచారు. బోరు సీసా అడుగున ఎర్రటి మడ్డి సన్నగా దిగింది. గాలి తగిలి నీళ్లలో ఇనుము తుప్పుగా మారిందన్నమాట. కుళాయి సీసా తేటగా ఉంది. అంటే మా ఆయన అనుమానం కూడా పూర్తిగా తప్పు కాదు. ఫిల్టరు గొట్టం మూతి దగ్గర ఉన్న ఎర్రచార ఎంత రుద్దినా పోలేదు. అది ఇనుమే. రాళ్ల మీది పొర మాత్రం వేరే. అప్పటి నుంచి కుళాయి నీళ్లే వాడుతున్నాం. వాటిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి వెడల్పు బకెట్లో ఒక రోజంతా నిలవబెట్టి పోస్తున్నాను. క్లోరిన్ ఉన్న నీళ్లు తిన్నగా పోస్తే మళ్లీ ఆ బ్యాక్టీరియాకే దెబ్బ.

ఎండ వల్లే ఇదంతా అని కూడా కొందరన్నారు. దీనికి జవాబు అత్తయ్యే చెప్పింది. ఆవిడకి పగలంతా అదే పని కదా. "కిటికీ వేపు ఎండ పడ్డకాడ పచ్చగా వస్తంది, ఆ మూల చీకట్లో కూడా ఎర్రగానే ఉంది" అంది. వెళ్లి చూస్తే కిటికీ వైపు అద్దం మీద నిజంగానే పచ్చటి చుక్కలు మొదలయ్యాయి. గోధుమరంగు మాత్రం ఎండ తగలని మూల కూడా సమానంగా ఉంది. అంటే గోధుమ పాచికి ఎండే కారణం కాదు. ఎండ వల్ల వచ్చేది ఆ పచ్చది. మాది దక్షిణం కిటికీ. జనవరిలో సూర్యుడు కిందుగా ఉంటాడు కాబట్టి ఎండ గదిలోకి బాగా వచ్చేస్తుంది. తొట్టిని జరిపితే ఆవిడకి కనపడదు. అందుకని ఆ వైపు అద్దానికి వెనక మందపాటి అట్ట ముక్క అంటించాం. లైటు ఎనిమిదిన్నర గంటల నుంచి ఆరు గంటలకి తగ్గించాం.

ఇక ఆ తెల్లరాళ్ల సంగతి. తమ్ముడు ఒకరోజు "ఇవి పాలరాతి ముక్కలేమో అక్కా" అన్నాడు. వంటింట్లో వెనిగర్ ఉంటే గిన్నెలో కాస్త పోసి, అత్తయ్య ముందే ఒక రాయి వేశాం. వేసిన కాసేపటికి రాయి చుట్టూ సన్నటి బుడగలు లేచాయి. సోడా గ్లాసు అంచున ఎలా పట్టుకుంటాయో అలా. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలితే కరుగుతూ బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. తొట్టిలో ఉన్నప్పుడు కూడా కొద్దికొద్దిగా కరిగి నీళ్ల కాఠిన్యం, పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత) పెంచుతుంది. పీహెచ్ పెరిగిన నీళ్లలో అదే అమోనియా ఇంకా విషంగా పనిచేస్తుంది. కొన్ని రకాల చేపలకి కఠినమైన నీళ్లు ఇష్టమేనట, కానీ అమోనియా ఉన్న కొత్త తొట్టిలో పాలరాయి పెట్టి ఉండాల్సింది కాదని నా గట్టి అభిప్రాయం. తెల్లటి రాయి మీద చిన్న మరక కూడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది, కడగాలనిపిస్తుంది. అది కూడా ఒక ప్రమాదమే.

కొత్త రాళ్లు డబ్బు పెట్టి కొనలేదు. మా వీధి చివర ఇల్లు కడుతున్నారు. ప్లాస్టరింగ్‌కి మేస్త్రి ఇసుక జల్లిస్తాడు కదా, జల్లెడలో మిగిలిన గులకరాళ్లు ఒక పక్కన పారబోస్తాడు. మహేంద్రతనయ ఇసుక అది. మహేంద్రగిరి నుంచి వచ్చే ఏరు మా ఊరి పక్కనుంచి వెళ్లి వంశధారలో కలుస్తుంది. మేస్త్రిని అడిగితే "పట్టుకుపోండమ్మా, మాకెందుకు" అన్నాడు. రెండు సంచులు తెచ్చాం. పెసరగింజంత దగ్గర నుంచి శనగగింజంత వరకు ఉన్నవి కావాలి. మరీ సన్నవైతే మధ్యలో గాలి, నీళ్లు ఆడవు. మరీ పెద్దవైతే సందుల్లోకి మేత జారిపోయి కుళ్లుతుంది.

అయితే ఆ కుప్పలో నత్తగుల్ల ముక్కలు, సిమెంటు పెళ్లలు కూడా ఉన్నాయి. అవీ వెనిగర్‌లో పొంగుతాయి, అవీ నీళ్లని మార్చేస్తాయి. పదిహేను కేజీల్లోంచి వాటిని ఏరాలి. నేను కూర్చుందామని చేట తెచ్చుకుంటే అత్తయ్య "ఇలా ఇయ్యి" అంది. వెనక మూడు దిళ్లు పెట్టి కూర్చోబెట్టాం. ఒళ్లో పాత తువ్వాలు పరిచి, చేట దాని మీద పెట్టాం.

అప్పటికి ఆపరేషన్ అయి రెండు నెలలు దాటింది. ఆ రెండు నెలల్లో ఆవిడ చేతులు అలా కదలడం నేను చూడలేదు. చేటని ఒక్కసారి అటూ ఇటూ ఊపి రాళ్లని పల్చగా పరిచింది. బియ్యంలో రాళ్లు ఏరినప్పుడు చేసినట్టే, నాలుగు వేళ్లతో కాసిన్ని ముందుకి లాక్కుని, చూపుడువేలితో ఒక్కోదాన్నీ పక్కకి తోస్తోంది. గుల్లముక్క కనపడితే బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి ఎత్తి గిన్నెలో వేస్తోంది. అనుమానం ఉన్నదాన్ని గోటితో గీకి చూస్తోంది. సిమెంటు పెళ్ల అయితే గోటికి పొడి రాలుతుంది. మధ్యలో ఒక ముదురు ఎర్రరాయి దొరికింది. దానిమ్మగింజంత ఉంది, వెలుతురుకి పట్టుకుంటే లోపల్నుంచి ఎరుపు మెరిసింది. గార్నెట్ అని తమ్ముడన్నాడు. తూర్పు కనుమల రాళ్లలో అవి మామూలేనట. "మా ఊళ్లో ఏట్లో ఇసక తెచ్చి ఇత్తడి బిందెలు తోమేవోళ్లం. అందులో ఇలాటివి ఎన్నో ఉండేవి. అప్పుడు ఎవులూ చూడలేదు" అంది అత్తయ్య. నాలుగు రోజులు రోజుకి రెండు గంటలు అలా ఏరింది. ఆ నాలుగు రోజులూ కాలు నొప్పి అన్న మాట ఆవిడ నోట రాలేదు.

ఏరిన రాళ్లని మట్టి పోయేదాకా కడిగాను. పన్నెండు నీళ్లు పట్టింది. సబ్బు, సర్ఫ్ దగ్గరికి కూడా రానివ్వలేదు. రాళ్ల సందుల్లో సబ్బు మిగిలిపోతుంది. పొయ్యి మీద ఉడికించలేదు కూడా. లోపల తడి ఉన్న రాయి వేడికి పగిలే ప్రమాదం ఉంది. మరిగిన నీళ్లు ఒకసారి పైన పోసి వదిలేశాను.

పాత రాళ్లు ఒకేసారి తీసేస్తే మళ్లీ మొదటి తప్పే చేసినట్టు. ఈసారి వారానికి మూడో వంతు చొప్పున మూడు వారాల్లో మార్చాం. తీసిన పాలరాళ్లలో కాసిన్ని దోమతెర గుడ్డలో మూటకట్టి ఫిల్టరు దగ్గరే వేలాడదీశాను. వాటి మీదున్న బ్యాక్టీరియా కొత్త రాళ్లకి పాకాలని. ఆ మూడు వారాల్లో ఒక్క రోజు కూడా టెస్ట్ గొట్టం పచ్చబడలేదు. నైట్రైట్ మాత్రం ఒక వారం పెరిగి భయపెట్టింది. నీళ్లు రోజు విడిచి రోజు మార్చాం. తర్వాత అది కూడా పడిపోయింది.

రాళ్లు తీస్తున్నప్పుడే ఇంకో సంగతి బయటపడింది. అందంగా ఉంటుందని మా అబ్బాయి ఒక మూల కొండలా నాలుగంగుళాలు పోశాడు. అక్కడ అద్దం పక్కనుంచి చూస్తే అడుగున నల్లటి మచ్చ. చెయ్యి పెట్టి కదిపితే బుడగలు లేచి కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టింది. గాలి అందని చోట మేత కుళ్లితే వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అది. చేపలకి విషం. గోధుమరంగుని వదిలేసినట్టు దీన్ని వదలకూడదు. పైపు ఆ మూలే పెట్టి మడ్డి అంతా బయటికి లాగేశాం. రాళ్లు అంతటా రెండంగుళాలు సమానంగా సర్దాం. ఆ కొండ మళ్లీ కట్టలేదు.

పైపు వాడటం కూడా ఒక నేర్పే. మొదట్లో సన్న పైపుతో నీళ్లు లాగితే పైనున్న నీళ్లే వచ్చేవి, మడ్డి అలాగే ఉండేది. తమ్ముడు ఒక చిన్న ప్లాస్టిక్ సీసా అడుగు కోసేసి, మూతికి పైపు బిగించి ఇచ్చాడు. ఆ వెడల్పు మూతిని రాళ్లలోకి గుచ్చితే రాళ్లు లోపల గిరగిరా లేస్తాయి, మడ్డి తేలిగ్గా ఉంటుంది కాబట్టి పైకెళ్లి బకెట్లో పడుతుంది, రాళ్లు బరువుకి మళ్లీ కిందికి జారిపోతాయి. ఒకసారికి సగం తొట్టి మాత్రమే అలా చేస్తాను. మిగతా సగం వచ్చే వారం. పైన గోధుమ పొర కూడా దీంతోనే చాలా వరకు పోయేది. రెండు మూడు రోజుల్లో మళ్లీ వచ్చేది కానీ, ప్రతిసారీ ముందుకన్నా పల్చగా వచ్చేది.

ఎక్కడైనా నీలం కలిసిన పచ్చ రంగులో, తోలులాగా ఒక్క పొరగా లేచి వాసన వస్తుంటే అది డయాటమ్ కాదు, సయనోబ్యాక్టీరియా. అది మాకు రాలేదు. వస్తే ఓపిక పట్టి కూర్చుంటే పోయే రకం కాదని తమ్ముడు ముందే హెచ్చరించాడు.

మార్చి నెలాఖరుకి రాళ్ల మీద గోధుమరంగు వెతికితే తప్ప కనపడలేదు. ఏప్రిల్లో కరెంటు కోతలు మొదలయ్యాయి. ఒకరోజు నాలుగు గంటలు ఫిల్టరు ఆగిపోయింది. మా అబ్బాయి చెంబుతో నీళ్లు తీసి పై నుంచి పోస్తూ కూర్చున్నాడు, గాలి కలుస్తుందని. తొట్టి తట్టుకుంది. ఆ తర్వాతే ఆరు జీబ్రా డేనియోలు తెచ్చాం. మన దేశం నీళ్లలో పుట్టిన చేపలే, వేలెడంత కూడా ఉండవు, ఒళ్లంతా నీలం చారలు. ఎర్ర గోల్డ్ ఫిష్ పెద్దదైంది, దానికి ఈ తొట్టి సరిపోదు. దాన్నీ పాతపట్నం పంపించేశాం. అత్తయ్యే ఒప్పుకుంది.

ఇప్పుడు ఆవిడ వాకర్ పట్టుకుని నడుస్తోంది. మంచం నుంచి తొట్టి దాకా ఏడడుగులు. పొద్దున మేత ఆవిడే వేస్తుంది. నిన్న నేను పైపు పట్టుకుని తొట్టి దగ్గరికి వెళ్తే, అద్దం మీద వేలు పెట్టి ఒక రాయి చూపించింది. శనగగింజంత నల్లరాయి, పైన ఒక పక్క చిన్న పచ్చటి మచ్చ పట్టింది. డేనియో ఒకటి వచ్చి దాన్ని పొడుస్తోంది.

"దాన్ని ఉండనీ" అంది. "ఆ పక్కనున్న ఎర్రది కనిపిస్తందా? అది నాను ఏరిందే."